శని చూపు, జైలు గానుగ

మా పిన్ని కొడుకు జాతకం ఒకటి నా బీరువాలో ఉంది. నాలుగు మూలలా పసుపు రాసిన కాగితం, నీలం సిరాతో గీసిన పన్నెండు గళ్లు. మిథునం గడిలో "ల" అనీ పక్కన "గు" అనీ రాసి ఉంటుంది. సరిగ్గా ఎదురుగా ధనుస్సు గడిలో "కు", "శ". లగ్నం, గురుడు, కుజుడు, శని. ఈ నాలుగక్షరాలు మా వాడి బతుకులోంచి మూడేళ్లు తినేశాయి. వాడి అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నాడు.

పిన్నీ బాబాయీ శ్రీకాకుళం జిల్లా నుంచి ఎనభైల్లో అండమాన్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఆ దీవుల్లో తెలుగువాళ్లు తక్కువేం కాదు, నూటికి పదమూడు మంది దాకా ఉంటారు. మా తమ్ముడు 1990 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మూడు దాటాక పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టాడు. (2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. మా ఇళ్లలో ఇంకా ఎవరికీ నోరు తిరగలేదు.) బాబాయి పుట్టిన వేళ ఇన్‌లాండ్ లెటర్ మీద రాసి ఊరికి పంపితే, అక్కడి సిద్ధాంతిగారు తన దగ్గరున్న పంచాంగం చూసి చక్రం వేసి పోస్టులో పంపించారు. పిన్ని దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. ఇరవై ఏళ్లు ఎవరూ ముట్టుకోలేదు.

2011లో వాడికి నిద్ర పట్టడం మానేసింది. గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనేవాడు. అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేసేవాడు. పిన్ని భయపడి సిద్ధాంతిగారికి ఫోన్ చేసి గళ్లలో ఏముందో చదివి వినిపించింది. ఆయన ఒక్క నిమిషంలో తేల్చేశారు. "లగ్నంలో గురుడమ్మా, ఏడింట కుజుడు. శని కూడా అక్కణ్ణుంచే సూటిగా చూస్తున్నాడు. ఇది ఉన్మాద యోగం. పుట్టుకతోనే రాసిపెట్టి ఉంది."

ఆ తర్వాత మీకు తెలిసిన కథే. మూడు రోజుల ఓడ ప్రయాణం చేసి విశాఖపట్నం రావడం, అక్కణ్ణుంచి గుడికి పోవడం, శనికి నువ్వుల నూనెతో తైలాభిషేకం, నల్ల గుడ్డ, నవగ్రహ హోమం, మెళ్లో రక్షరేకు. మళ్లీ ఓడ. ఇలా నాలుగుసార్లు. 2014లో, ఒంటిమీద స్పృహ లేకుండా రోడ్డున పడ్డప్పుడు, ఇరుగుపొరుగు వాళ్లు ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడ మొదటిసారి స్కిజోఫ్రేనియా అన్న మాట మా వాళ్ల చెవిన పడింది. మాత్రలు మొదలుపెట్టిన కొన్ని నెలలకి వాడు నిద్రపోవడం మొదలెట్టాడు. ఇవాళ ఒక కొట్లో పద్దులు రాస్తున్నాడు. పూర్తిగా మామూలైపోయాడని అబద్ధం చెప్పను. ఈ జబ్బులో మొదటి లక్షణాలకీ మొదటి మాత్రకీ మధ్య ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమని మానసిక వైద్యులు చెబుతారు. మా వాడి విషయంలో ఆ ఆలస్యం మూడేళ్లు.

నేను హేతువాద సంఘం సభ్యుణ్ణి కదా, మరి ఆ మూడేళ్లూ ఏం వెలగబెట్టావని మీరడగొచ్చు. చెబుతాను. ఫోన్లో పిన్నితో వాదించాను. శని గ్రహం అంత దూరాన ఉంది, దాని చూపేమిటి, మీకు చదువుకున్న బుద్ధి లేదా అని ఎగతాళి చేశాను. ఆమె నాకు ఫోన్ చెయ్యడం మానేసింది. సిద్ధాంతిగారు మాత్రం ఆమె ఏడుస్తుంటే విన్నారు.

అందుకే ఈసారి ఎగతాళి లేకుండా ఆ నాలుగక్షరాల సంగతేమిటో చూద్దామనుకున్నాను.

జ్యోతిషంలో "దృష్టి" అంటే గ్రహం చూపు. ప్రతి గ్రహమూ తానున్న రాశి నుంచి ఏడో రాశిని పూర్తిగా చూస్తుందట. అవి కాక కుజుడు నాలుగు, ఎనిమిది రాశుల్నీ, గురుడు అయిదు, తొమ్మిది రాశుల్నీ, శని మూడు, పది రాశుల్నీ కూడా చూస్తారట. శనికి మూడూ పదీ ఎందుకు, కుజుడికి నాలుగూ ఎనిమిదీ ఎందుకు అంటే శాస్త్రం అలా చెప్పింది అంటారు. ఎవరైనా ఎక్కడైనా కొలిచి తేల్చిన దాఖలా లేదు.

మా సిద్ధాంతిగారు నోటికొచ్చింది చెప్పలేదు, ఆ న్యాయం ఆయనకి చెయ్యాలి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహజ్జాతకంలో అనిష్ట యోగాల అధ్యాయం ఉంది. లగ్నంలో గురుడూ ఏడింట కుజుడూ ఉంటే పిచ్చి, లగ్నంలో శని ఉండి అయిదు, ఏడు, తొమ్మిది స్థానాల్లో కుజుడుంటే పిచ్చి, క్షీణచంద్రుడు శనితో కలిసి పన్నెండింట ఉంటే పిచ్చి అని అందులో ఉంది. ఆయన చూసిన సూత్రం అదే.

మరి వరాహమిహిరుడికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ కొంచెం ఆగాలి. ఏడో స్థానానికి సంస్కృత జ్యోతిషంలో జామిత్రం అని పేరు. మన పంచాంగాల్లో ముహూర్తాల దగ్గర ఇప్పటికీ కనిపించే మాట. దీనికి సంస్కృతంలో వ్యుత్పత్తి వెతికితే దొరకదు. అది గ్రీకు డయామెట్రోస్, అంటే వృత్తానికి అడ్డంగా ఈ కొస నుంచి ఆ కొసకి. హోర, కేంద్రం కూడా గ్రీకు మాటలే. వరాహమిహిరుడు ఈ అప్పుని దాచుకోలేదు. యవనుల మతం ఇదీ అని చెప్పే రాశాడు. దాచింది మనం. వేదకాలపు విజ్ఞానం అని పేరు పెట్టి.

ఆ గ్రీకుల సంగతీ చూద్దాం. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ తన జ్యోతిష గ్రంథం టెట్రాబిబ్లోస్ మూడో భాగంలో మనసు జబ్బుల గురించి రాశాడు. ఆయన లెక్కలో ముఖ్యమైనవి బుధుడూ చంద్రుడూ. ఆ రెంటికీ ఒకదానితో ఒకటిగానీ లగ్నంతోగానీ సంబంధం లేకుండా ఉండి, పగటి పుట్టుకలో కుజుడో రాత్రి పుట్టుకలో శనో పీడిస్తే పిచ్చి. తారుమారైతే, అంటే పగలు శని, రాత్రి కుజుడు అయితే, మూర్ఛ రోగం. గమనించారా? వరాహమిహిరుడి గురుడు–కుజుడు సూత్రంలో చంద్రుడూ లేడు, బుధుడూ లేడు. టాలెమీ సూత్రంలో గురుడి పేరు నేరస్థుల్లో లేదు. ఒకే జబ్బుకి ఇద్దరు పెద్దలు ఇద్దరు వేర్వేరు దొంగల్ని చూపిస్తున్నారు. పోనీ మధ్యలో ఎవరైనా రోగుల్ని లెక్కపెట్టి ఎవరిది సరైందో తేల్చారా అంటే, పద్నాలుగు వందల ఏళ్లలో ఆ పని జరగలేదు. 1781లో యురేనస్, 1846లో నెప్ట్యూన్ కనుక్కున్నాక పాశ్చాత్య జ్యోతిషులు పిచ్చిని నెమ్మదిగా వాటి ఖాతాలోకి మార్చేశారు. అంతకుముందు పిచ్చివాళ్లని ఏ గ్రహం పట్టుకుందో మరి.

పట్టుకోవడం అన్నాను కాబట్టి ఒక మాట. గ్రహం అంటేనే పట్టుకునేది అని అర్థం. ఆయుర్వేదంలో పిల్లల్ని పట్టుకునే బాలగ్రహాలు వేరే ఉన్నాయి. ఆకాశంలో తిరిగేవాటికీ, ఒంట్లోకి దూరేవాటికీ ఒకే మాట ఉండడం వల్ల ఎంత గందరగోళం జరిగిందో చెప్పలేం. విచిత్రమేమిటంటే చరకుడు ఉన్మాదం గురించి రాస్తూ, దేవతలూ పిశాచాలూ మనిషిని ఊరికే వచ్చి బాధించవని తెగేసి చెప్పాడు. ఆ వెంటనే రోగిదే తప్పన్నాడనుకోండి, అది వేరే తగాదా. చంద్రుడు మనఃకారకుడు అనడానికి అందరూ పురుషసూక్తాన్ని సాక్ష్యం తెస్తారు. అందులో ఉన్నది పురుషుడి మనసు నుంచి చంద్రుడు పుట్టాడని. చంద్రుడి నుంచి మనసు పుట్టిందని కాదు. తల్లిని బిడ్డనీ తారుమారు చేసి శాస్త్రం కట్టారు.

ఇంగ్లీషు వాళ్లేం తక్కువ తినలేదు. లూనా అంటే చంద్రుడు, దాన్నుంచే వాళ్ల లూనసీ. ఆ మాట మన చట్టంలో ఎంతకాలం ఉందో ముందు ముందు చెబుతాను.

ఇప్పుడు మా వాడి చక్రానికి వద్దాం. సిద్ధాంతిగారి దగ్గరున్న పంచాంగం కోస్తా ఆంధ్రకి గణించింది. లగ్నాలు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తాయో విజయవాడ చుట్టుపక్కల లెక్కకి అందులో వేసి ఉంటాయి. విజయవాడ 80.6 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. పోర్ట్ బ్లెయిర్ 92.7 డిగ్రీల దగ్గర. తేడా పన్నెండు డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి, పోర్ట్ బ్లెయిర్‌లో ప్రతి రాశీ దాదాపు 48 నిమిషాలు ముందే ఉదయిస్తుంది. కానీ గడియారాలు రెండు చోట్లా ఒకటే, భారత ప్రామాణిక కాలం. అక్కడికి వెళ్లినవాళ్లకి తెలుసు, తెల్లవారుజామున అయిదింటికల్లా ఎండ వచ్చేస్తుంది, సాయంత్రం అయిదున్నరకి చీకటి పడుతుంది. సిద్ధాంతిగారు ఎన్నడూ ఆ ద్వీపం చూడలేదు. ఉత్తరంలోని టైమునీ తన పంచాంగాన్నీ కలిపేశారు.

నేను సరిచేసి వేశాను. సిద్ధాంతిగారి లెక్కలో లగ్నం మిథునంలో 24 డిగ్రీల దగ్గర. పోర్ట్ బ్లెయిర్ లెక్కలో అది పదకొండు డిగ్రీలు ముందుకి జరిగి కర్కాటకంలో పడింది. అంతే, ఉన్మాద యోగం మాయం. గురుడు పన్నెండింటికి పోయాడు. కుజుడూ శనీ ఆరింట కూర్చున్నారు. ఆరింట పాపగ్రహాలు మంచివి, శత్రువుల్నీ రోగాల్నీ తొక్కేస్తాయని అదే శాస్త్రం చెబుతుంది! రాశికి ముప్ఫై డిగ్రీలే కాబట్టి, ఇలా ఊరి పంచాంగంతో చక్రం వేయించుకున్న అండమాన్ పిల్లల్లో మూడో వంతుకు పైగా వేరే లగ్నంతో బతుకుతున్నట్టు లెక్క. వాళ్ల పెళ్లిళ్లు ఆగినవీ, చేసినవీ, అన్నీ వేరే వాళ్ల జాతకాలతో.

ఈ సంగతి ఇంకో జ్యోతిషుడికి చూపించాను. ఆయన కంప్యూటర్‌లో వేసే రకం. కర్కాటక లగ్నం ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, "గురుడు వ్యయంలో పడ్డాడు, దానిమీద శని సప్తమ దృష్టి. అందుకే మరి బుద్ధి చెడింది" అన్నాడు. లగ్నం మారినా రోగం మారలేదు, ఎందుకంటే రోగం ఆయనకి ముందే చెప్పాను కాబట్టి.

పోనీ మొదటి చక్రమే నిజమనుకుందాం. అప్పుడు ఇంకో లెక్క ఉంది. 1990 జనవరి మూడో వారం నుంచి మార్చి మొదటి రోజుల దాకా, దాదాపు ఆరు వారాలు, గురుడు మిథునంలో, కుజుడూ శనీ ధనుస్సులో ఉన్నారు. ఆ రోజుల్లో ప్రతి రోజూ సుమారు రెండు గంటల సేపు మిథున లగ్నం నడుస్తుంది. అప్పట్లో మన దేశంలో ఏడాదికి రెండున్నర కోట్లకు పైగా పిల్లలు పుట్టేవారు. రోజుకి డెబ్భై వేలు వేసుకోండి. రెండు గంటలకి దాదాపు ఆరు వేలు. ఆరు వారాలకి రెండు లక్షలకు పైనే. అంటే ఒక్క భారతదేశంలోనే మా వాడితో పాటు రెండు లక్షల మంది ఇదే ఉన్మాద యోగంతో పుట్టారు. వాళ్లంతా ఏరీ? వాళ్లలో బస్సు డ్రైవర్లున్నారు, టీచర్లున్నారు, బహుశా జ్యోతిషులూ ఉన్నారు.

ఇందులోనే ఒక కిటుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన స్కిజోఫ్రేనియా మూడు వందల మందిలో ఒకరికి ఉంటుంది. ఏ యోగమూ పని చెయ్యకపోయినా ఆ రెండు లక్షల్లో ఆరేడు వందల మందికి ఆ జబ్బు రావాలి. ఆ ఆరేడు వందల తల్లులూ ఏదో ఒకరోజు ఎవరో ఒక సిద్ధాంతి దగ్గరికి వెళ్తారు. ఆయన చక్రం చూసి, అదిగో యోగం అంటాడు. మిగిలిన లక్షా తొంభై తొమ్మిది వేల మంది ఆ ప్రశ్నతో ఆయన గడప తొక్కరు. ఆయన అనుభవంలో శాస్త్రం ఎప్పుడూ తప్పలేదు. అబద్ధం ఆడుతున్నాడని నేననను. ఆయనకి కనిపించేదే అంత.

సరే, గ్రహాలు కావు. మరి ఎవరు? ఇక్కడే నాకు అండమాన్ చరిత్ర అవసరమైంది. మా పిన్ని ఇంటి నుంచి సెల్యులార్ జైలు నడిచి వెళ్లేంత దూరం.

1858లో మొదలైన ఖైదీల వలసకి కొనసాగింపుగా 1896 నుంచి 1906 దాకా ఆ జైలు కట్టారు. 690కి పైగా కొట్లు, ఒక్కోటి పదమూడున్నర అడుగుల పొడుగు, ఏడున్నర అడుగుల వెడల్పు. ఒక మనిషికి ఇంకో మనిషి ముఖం కనపడకుండా ఒక రెక్క ముందు భాగం ఇంకో రెక్క వీపుకి ఎదురుగా ఉండేలా కట్టారు. అందులో పని ఏమిటంటే గానుగ. ఎద్దుల్ని కట్టే చోట మనిషిని కట్టి తిప్పించడం. రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తియ్యాలి, అంటే పదమూడున్నర కిలోలు. తియ్యకపోతే చేతులకి సంకెళ్లు వేసి గోడకి నిలబెట్టడం.

1909లో అలీపూర్ బాంబు కేసు ఖైదీలు అక్కడికి వచ్చారు. వాళ్లలో ఉల్లాస్కర్ దత్త ఒకడు. 1885లో పుట్టినవాడు. మొదట ఉరిశిక్ష వేసి, అప్పీలులో ద్వీపాంతరం చేశారు. కోర్టు బోనులో పాటలు పాడిన మనిషి, అందర్నీ నవ్వించేవాడని తోటివాళ్లు రాసుకున్నారు. 1912 ఏప్రిల్ చివర్లో ఇందుభూషణ్ రాయ్ అనే ఇంకో రాజకీయ ఖైదీ తన చొక్కా చింపి తాడు పేని కొట్లోనే ఉరి వేసుకున్నాడు. అదే ఏడాది జూన్‌లో ఉల్లాస్కర్‌కి మతి తప్పింది. ఇటుకల బట్టీ దగ్గర ఎండలో పని చేయించారు, ఇక చెయ్యనన్నాడు. సంకెళ్లతో నిలబెట్టారు. తీవ్రమైన జ్వరం, మూర్ఛలు, ఆ తర్వాత అరుపులు. కరెంటు బ్యాటరీ పెట్టి షాకులిచ్చారని ఆయనే తర్వాత రాశాడు. ముందు హాడోలో ఉన్న పిచ్చాసుపత్రికి, అక్కణ్ణుంచి సముద్రం దాటించి మద్రాసు పిచ్చాసుపత్రికి పంపారు. కీల్పాక్. మా వైపు వాల్తేరు అని వెక్కిరిస్తారు, హైదరాబాదు వాళ్లు ఎర్రగడ్డ అంటారు. మద్రాసు వాళ్లకి ఆ పేరు కీల్పాక్.

తండ్రి ద్విజదాస్ దత్త కొడుకుకి ఏమైందని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? మలేరియా వల్ల మతి చెడిందని. ఇందుభూషణ్ విషయంలోనూ జైలు పనికీ చావుకీ సంబంధం లేదన్నారు. గానుగ లేదు, సంకెళ్లు లేవు, ఆ కొట్టు లేదు. ఒక దోమ ఉంది.

ఆ ఉత్తరం గురించి చదివినప్పుడు నాకు మా సిద్ధాంతిగారి ఫోను గుర్తొచ్చింది. "పుట్టుకతోనే రాసిపెట్టి ఉంది" అనే మాటలో పిన్నికి ఓదార్పు ఉంది, కాదనను, ఎవరి తప్పూ లేదన్నమాట. కానీ జైలరు చేతికి అదే మాట ఇవ్వండి, ఏం జరుగుతుంది? కారణం మనిషి పుట్టుకలోనో రక్తంలోనో ఉందని తేలిపోతే గానుగ తిప్పించినవాడు నిర్దోషి. అత్త వేధిస్తే కోడలికి మతి చెడిన ఇళ్లు నేను చూశాను. అక్కడా అందరూ ముందు ఆమె జాతకమే తీస్తారు, అత్త జాతకం కాదు.

దీనికి జ్యోతిషుల దగ్గర ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది, మంచి ప్రశ్నే. గానుగ అందరూ తిప్పారు కదా, ఉల్లాస్కర్‌కే ఎందుకు పిచ్చెక్కింది? నిజమే. రంప పితూరీ తర్వాత అండమాన్ వెళ్లిన గాం మల్లుదొర తిరిగొచ్చి 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసులో వెళ్లిన ప్రతివాది భయంకరాచారి కూడా నిలదొక్కుకుని వచ్చాడు. అందరూ ఒకేలా విరగరు. ఎవరికి ఎంత తట్టుకునే శక్తి ఉంటుందనే దానిలో వంశపారంపర్యానికీ పాత్ర ఉంది. ఇదిగో, మేం చెప్పిందీ పుట్టుకేగా అంటారు. కాదు. కవలల్ని చూడండి. ఒకే అండం నుంచి వచ్చిన కవలల్లో ఒకరికి స్కిజోఫ్రేనియా ఉంటే రెండో వాళ్లకి వచ్చే అవకాశం నూటికి నలభై, యాభై అని చాలాకాలంగా చెబుతున్నారు. కొత్త లెక్కల్లో ఇంకా తక్కువే. రెండు అండాల నుంచి వచ్చిన కవలల్లో అది పది, పదిహేనే. రెండు రకాల కవలలూ నిమిషాల తేడాలో, ఒకే మంచం మీద, ఒకే శని చూపు కింద పుట్టినవాళ్లే. జాతకం ఒకటే, జన్యువులు వేరు. జబ్బు దేని వెంట వెళుతోందో కనిపిస్తూనే ఉంది.

ఆ 1912లోనే ఇంకొకటి జరిగింది. ఇండియన్ లూనసీ యాక్టు వచ్చింది. చంద్రుడి పేరు పెట్టుకున్న చట్టం. 1987లో మానసిక ఆరోగ్య చట్టం చేసి, 1993లో అమల్లోకి తెచ్చేదాకా మన దేశంలో మానసిక రోగులు ఆ చంద్రుడి చట్టం కిందే ఉన్నారు. చంద్రుడి దోషం సంగతి మాత్రం 1985లోనే తేలిపోయింది. రాటన్, కెల్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చంద్రకళలకీ పిచ్చి ప్రవర్తనకీ సంబంధం వెతికిన 37 అధ్యయనాల్ని కలిపి చూశారు. చెప్పుకోదగ్గ సంబంధమేదీ దొరకలేదు.

సెల్యులార్ జైల్లో మతి పోయిన ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి. 1915లో బాలేశ్వర్ దగ్గర బాఘా జతిన్ పక్కన నిలబడి పోరాడి పట్టుబడినవాడు. అండమాన్‌లో పిచ్చివాడై, బహరంపూర్‌కి తరలించాక 1924లో చనిపోయాడు. ఆయన పేరు జ్యోతిష్ చంద్ర పాల్. జ్యోతిషమూ చంద్రుడూ రెండూ పేరులోనే ఉన్నాయి.

మన దేశంలో ఈ విషయం మీద సరైన పరీక్ష ఒకటి జరిగింది, పుణెలో, 2008లో. జయంత్ నార్లీకర్, నరేంద్ర దాభోల్కర్, గణాంక శాస్త్రవేత్త సుధాకర్ కుంటే, ఒకప్పుడు తానే జ్యోతిషం చెప్పిన ప్రకాశ్ ఘాట్‌పాండే కలిసి చేశారు. వంద మంది తెలివైన విద్యార్థుల జాతకాలు, వంద మంది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు సేకరించి కలిపేశారు. బుద్ధిమాంద్యం, మానసిక రోగం ఒకటి కావు, నిజమే. కానీ మనసు సంగతి చక్రం చూసి చెప్పగలమనే వాళ్లకి ఇంతకంటే తేలిక పరీక్ష ఉండదు. ఒక్కో జ్యోతిషుడికీ నలభై జాతకాలిచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 51 మంది తీసుకున్నారు, 27 మందే జవాబులు పంపారు. సగటున సరైనవి నూటికి 46. నాణెం ఎగరేస్తే 50 వస్తాయి. రెండు వందలూ చూస్తామని ముందుకొచ్చిన ఒక సంస్థ 102 సరిగ్గా చెప్పింది. దాభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న ఉదయపు నడకలో ఉండగా కాల్చి చంపారు. నార్లీకర్ 2025 మేలో కన్నుమూశారు. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టొద్దని మన హైదరాబాదు సి.సి.ఎం.బి. స్థాపకుడు పుష్ప ఎం. భార్గవ కోర్టుకి వెళ్లి, 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనూ, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. పుణె పరీక్ష అప్పటికే జరిగి ఉంటే తీర్పు మారేదేమో అని నాకొక ఆశ. మారేది కాదు లెండి.

ఆ 2004 చివర్లోనే సునామీ. డిసెంబర్ 26, మార్గశిర పౌర్ణమి. తెల్లారి ఆరున్నరకి భూమి కదిలింది. అండమాన్ నికోబార్‌లో చనిపోయినవాళ్లూ గల్లంతైనవాళ్లూ కలిపి మూడున్నర వేల దాకా. పౌర్ణమి కాబట్టే అని చెప్పినవాళ్లు అప్పుడు చాలామంది. పౌర్ణములు ఏడాదికి పన్నెండు, పదమూడు వస్తాయి. ఆ తర్వాత నెలల్లో శిబిరాల్లో జనం నిద్రపోలేదు, సముద్రం చప్పుడు వింటే వణికారు. బెంగళూరు నిమ్‌హాన్స్ నుంచి మానసిక వైద్యులు వచ్చి పని చేశారు. కార్ నికోబార్ వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు, జాతకం వేయించే అలవాటే లేనివాళ్లు. అల వాళ్లని ఏ యోగమూ అడగలేదు. మా పిన్ని ఆ శిబిరాల్లో వంట చేసింది. అక్కడ కూర్చుని మాట్లాడించే డాక్టర్లని కళ్లారా చూసిన మనిషి. ఏడేళ్ల తర్వాత తన కొడుకు దాకా వచ్చేసరికి ఆమెకి డాక్టరు గుర్తు రాలేదు, దేవుడి గూట్లో కాగితం గుర్తొచ్చింది. ఆమెనేమీ అనను. నేను ఆ మూడేళ్లలో ఒక్కసారి ఓడెక్కి వెళ్లి, వాదన మానేసి, వాణ్ణి చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయి ఉంటే సరిపోయేది. పెళ్లికీ చావుకీ వెళ్లినవాణ్ణి, దానికి వెళ్లలేదు.

ఉల్లాస్కర్ దత్త 1920లో విడుదలయ్యాడు. తన జైలు జీవితం గురించి పుస్తకం రాశాడు, తనకి కలిగిన భ్రమల్ని కూడా దాచకుండా. చాలా పెద్ద వయసులో, కుర్రతనంలో ప్రేమించిన లీలా పాల్‌ని పెళ్లి చేసుకున్నాడు. 1965లో, ఎనభై ఏళ్లకి, సిల్చర్‌లో పోయాడు.

కిందటిసారి వెళ్లినప్పుడు నేనూ తమ్ముడూ జైలుకి వెళ్లాం. ఇరవై అడుగుల దూరంలో పెరిగినా వాడు లోపలికి సరిగ్గా చూసింది లేదట. గానుగ దగ్గర ఖైదీ బొమ్మ ఒకటి పెట్టారు. వాడు చాలాసేపు దాన్నే చూసి, "రోజుకి ఎంత తియ్యాలన్నావన్నయ్యా?" అనడిగాడు. ముప్ఫై పౌండ్లన్నాను. "నాక్కూడా బోలెడు నూనె పోశార్లే" అని నవ్వాడు. ఇంతలో వాడి ఫోన్లో అలారం మోగింది. సాయంత్రం మాత్ర వేళ. నీళ్ల సీసా నా సంచిలో ఉంటే తీసిచ్చాను.